తలుపు ముట్టని మనిషి

పోయినవారం మనం ఇస్త్రీ అక్కను చేతిలో ఫోనుతో, తెరిచిన నోరు తెరిచినట్టే, లాండ్రీ హాలు మధ్యలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉంటుంది. ముందు ఆవిణ్ణి కదిలిద్దాం.

జరిగింది ఇదీ. వ్యాను పాడై షెడ్డుకెళ్ళింది. సందు మలుపు తిరగ్గానే వచ్చే పెద్ద హోటల్లో ఆ పూట విందు. సరే, దూరమేముందిలే అని టేబుల్ క్లాత్‌లు తోపుడు బండిలో పేర్చి మడత బాబాయిని పంపారు. విందు మొదలైంది. అతిథులు వచ్చి బోడి బల్లల ముందు కూర్చున్నారు. మడత బాబాయేమో పొద్దున్నించీ ఆ హోటల్ వెనక తలుపు ముందు కొయ్యబొమ్మలా నిలబడే ఉన్నాడు. బెల్లు కొట్టలేదు, తలుపు తట్టలేదు, తిరిగీ రాలేదు. "మీ జైలు మనిషి మా హోటల్ మీద కన్నేశాడు. వీడియో ఉంది. రేపే వచ్చి తేల్చుకుంటాం" అని హోటల్ వాళ్ళు ఫోన్ పెట్టేశారు. ఆ రేపు ఇవాళే.

ఈ కథలోకి ఇప్పుడే గుమ్మం దాటి వచ్చినవాళ్ళకి ఇంకో ముక్క. ఈ లాండ్రీ కంపెనీకి రెండు యూనిట్లు. ఒకటి జైలు గోడల లోపల, ఒకటి బయట. లోపల పని నేర్చుకుని, నడవడిక బాగుందనిపించుకున్నవాళ్ళకి ఉద్యోగం ఇస్తానని కంపెనీ పూచీ పడుతుంది. ఆ పూచీ చూసి వాళ్ళని గడువుకన్నా ముందే వదులుతారు. ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టి చూస్తుండగా, ఉద్యోగం ఉన్నంతకాలం బయట ఉండొచ్చు. ఉద్యోగం ఊడిందా, మిగిలిన శిక్షకి మళ్ళీ లోపలికే. అలా వచ్చినవాళ్ళలో మొట్టమొదటి మనిషి ఇస్త్రీ అక్క. ఆవిడ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు ఇస్త్రీ హాలు మొత్తానికి ఆవిడే పెద్ద దిక్కు. అందరికన్నా కొత్తగా వచ్చినవాడు మడత బాబాయి. దుప్పటి ఆయన చేతిలో పడితే చాలు, అంచుకి అంచు కలిసి బుద్ధిగా కూర్చుంటుంది. అందుకే ఆ పేరు.

ఇక ఈ వారం.

పొద్దున్నే ఇస్త్రీ అక్క చెల్లెలి ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో పక్కింటివాళ్ళ బట్టల మూట. ఇరుగుపొరుగుల చీరలూ చొక్కాలూ ఊరికే ఇస్త్రీ చేయించి తెచ్చిపెట్టడం ఆవిడకి అలవాటు. వీధిలో అందరూ ఆవిడది ఎంత మంచి మనసో అనుకుంటారు. అనుకోనివ్వండి, ప్రస్తుతానికి.

"చెల్లీ! నేను బయల్దేరుతున్నా" అని కేకేసింది.

వంటింట్లో చెల్లెలి చేతులు తడిగా ఉన్నాయి. మరిది పేపరు మడిచి, లేచి, రాజుగారి కొలువులో భటుడిలా వంగి తలుపు తీశాడు. "రాణిగారు బయల్దేరుతున్నారహో! అందరూ తప్పుకోండహో!"

"చాల్లేవయ్యా, పొద్దున్నే నీ వేషాలు."

"వేషం కాదు వదినా. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, మీ రెండు చేతులూ ఒక్కసారి ఖాళీగా ఉండగా చూసిన పాపాన పోలేదు." పెళ్ళాం వైపు తిరిగాడు. "మీ అక్క నిద్రలో కూడా ఏదో ఒకటి మోస్తూనే ఉంటుందేమో చూడవే ఒకసారి."

చెల్లెలు పకపకా నవ్వింది. ఇస్త్రీ అక్క కూడా నవ్వింది. కానీ ఆ మాట ఎక్కడో చివుక్కుమని గుచ్చుకుంది. రోజూ వినే వేళాకోళమే, ఇవాళ ఎందుకు గుచ్చుకుందో ఆవిడకి తెలుసు. రాత్రంతా కళ్ళు మూస్తే ఆవిడకి మడత బాబాయే కనిపించాడు, ఆ మూసిన తలుపు ముందు.

లాండ్రీలో తలుపులన్నీ బార్లా తీసి, గోడకి కొక్కేలు తగిలించి ఉంటాయి. ఆవిరి పోవడానికని ఓనరుగారు కస్టమర్లకి చెబుతారు. ఆ కొక్కేలు వేయించింది ఇస్త్రీ అక్క, వచ్చిన కొత్తలోనే. హాల్లోకి అడుగుపెడుతూనే వేడి ముఖానికి కొడుతుంది. ఒక పక్క ఉతికే యంత్రాల రొద, ఇంకో పక్క పెద్ద రోలర్ల ఇస్త్రీ యంత్రం. ఒక వైపు నుంచి తడి దుప్పటి నాలుక చాపుకుంటూ లోపలికి పోతుంది, అటువైపు నుంచి వెచ్చగా, తెల్లగా, కొత్తపెళ్ళికొడుకులా బయటికొస్తుంది. అక్కడ మడత బల్ల. బల్ల దగ్గర బాబాయి.

ఇవాళ బాబాయి మడతలు రోజూకన్నా గట్టిగా వేస్తున్నాడు. తల ఎత్తడం లేదు.

"బాబాయ్" అంది ఇస్త్రీ అక్క, చంకలో ఉతికిన తువ్వాళ్ళ కట్ట సర్దుకుంటూ. "నాకొక్కదానికే చెప్పు. నిన్న ఏమైంది?"

"చెయ్యి రాలేదమ్మాయ్."

"అంటే?"

"బెల్లు ఉంది. చూశాను. చెయ్యి లేపాను. ఇదిగో, సగం దాకా వచ్చింది." దుప్పటి వదిలేసి చెయ్యి గాల్లోకి లేపి చూపించాడు. "తర్వాత రాలేదు. అక్కడ పసుపు గీత కూడా ఉంది. గీత దాటితే కదా బెల్లు అందేది. ఎవరో ఒకరు తీస్తార్లే అనుకున్నా. లోపల ఎప్పుడూ ఎవరో ఒకరు తీసేవాళ్ళు కదా. కాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ ఉండిపోయా. తర్వాత ఇంత ఆలస్యమయ్యాక ఏ మొహం పెట్టుకుని కొట్టను అనిపించింది. సిగ్గేసింది."

ఆ చెయ్యి సగంలో ఎందుకు ఆగిపోతుందో ఇంకెవరైనా అయితే బోలెడు ప్రశ్నలు వేసేవారు. ఇస్త్రీ అక్క ఒక్కటీ వెయ్యలేదు.

"తలుపు తోస్తే తెరుచుకునేదే బాబాయ్. బయట తలుపులు అంతే. ఎవరిదీ కాదు, తోసినవాడిది. ఇంకోసారి అలా ఆగిపోయావనుకో, నా మాట గుర్తు తెచ్చుకో."

"అలాగే" అన్నాడు. తల ఎత్తి ఆవిడ చంకలో కట్ట వైపు చూశాడు. "అమ్మాయ్, ఆ తువ్వాళ్ళు ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పైకి. ఆఫీసు గదికి."

"ఆఫీసు గదిలో తువ్వాళ్ళతో పనేముంది?"

"పనీపాటా లేకుండా చేతులూపుకుంటూ తిరగమంటావా ఏంటి! నీ మడతలు నువ్వు చూసుకో" అని కసిరి, గిరుక్కున తిరిగి వచ్చేసింది. మెట్ల దాకా వచ్చాక చూసుకుంటే చెంపలు కాలుతున్నాయి. ముసలాయన నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు గానీ, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు.

వెనక నుంచి ఆయన గొంతు మళ్ళీ వినిపించింది. "ఇవాళ సాయంత్రం కూడా వాళ్ళకి విందుందిట. క్లాత్‌లు మడిచి బండిలో పేర్చేశా. అవైనా వేళకి వెళ్ళాలి."

"వెళ్తాయిలే. నువ్వు మాత్రం ఎక్కడికీ కదలకు."

ఓనరుగారు మంచివాడే. మంచివాడికి ఉండే జబ్బు ఆయనకీ ఉంది. ఎదుటి మనిషి గొంతు పెంచితే చాలు, పూర్తిగా వాళ్ళ పక్షాన చేరిపోతాడు. ఊరందరి బట్టలూ మల్లెపువ్వుల్లా చేసి పంపే ఈయన చొక్కా మాత్రం ఎప్పుడు చూసినా నలిగి, ఒక గుండీ ఊడి ఉంటుంది. ఇవాళ రెండో గుండీ కూడా సగం ప్రాణంతో వేలాడుతోంది. పొద్దున్నించీ దాన్నే తిప్పుతున్నాడు.

"ప్రొబేషన్ ఆఫీసరుకి కూడా కబురెళ్ళిందమ్మా. ఇవాళే వస్తున్నారట. హోటల్ మేడమ్ ఎలా చెబితే అలా అంటారు వాళ్ళు. నీకు తెలుసుగా, మన పనిలో సగం ఆ హోటల్‌దే. అది పోతే బాబాయి ఒక్కడి సంగతి కాదు, లోపలి యూనిట్టే మూసుకోవాలి." గుండీ ఇంకో చుట్టు తిప్పాడు. "అంచేత ఇప్పుడే కిందికి ఫోన్ చేసి, ఆ బండితో సహా ఆయన్ని వెనక గదిలో కూర్చోబెట్టించాను. తలుపేశాం. గడియ కూడా పెట్టలేదు. ఎందుకూ, ఆయనెలాగూ తియ్యడు కదా!"

అనేసి నవ్వబోయాడు. ఇస్త్రీ అక్క ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ భవనంలో ఒక్క తలుపూ మూతపడకుండా కాపలా కాసింది. తను కాస్త అటు తిరిగేసరికి ముసలాయన్ని గదిలో పెట్టి మూసేశారు. ఇప్పుడే వెళ్ళి తీయిద్దామని తిరిగేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

హోటల్ సెక్యూరిటీ మేడమ్ పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. పోలీసు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, మాట ముక్కుసూటి. ఇస్త్రీ అక్కంటే ఆవిడకి అభిమానమే. హోటల్‌కి వెళ్ళినప్పుడల్లా రెండు మాటలు మాట్లాడేది, ఓసారి టీ కూడా ఇప్పించింది. ఇవాళ ఆ పలకరింపూ లేదు, ఆ ముఖమూ లేదు. బల్ల మీద టాబ్లెట్ పెట్టి వీడియో నడిపించింది.

"మాటలెందుకు, చూడండి."

చూశారు. హోటల్ వెనక తలుపు పైనున్న కెమెరా తీసిన బొమ్మ. బండి పక్కన బాబాయి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. మేడమ్ వీడియోని ముందుకి పరుగెత్తించింది. నీడలు గోడ మీద జరిగాయి, ఒక పిల్లి వచ్చి బండి కింద పడుకుని లేచి వెళ్ళిపోయింది. బాబాయి మాత్రం అక్కడే ఉన్నాడు. ఉండుండి తల పైకెత్తి సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు.

"ఇదిగో, ఇక్కడ. మళ్ళీ ఇక్కడ" అంది మేడమ్. "మాటిమాటికీ కెమెరా వైపే చూపు. సామాను ఇవ్వడానికి వచ్చినవాడు తలుపు తడతాడు. తియ్యకపోతే తిడతాడు. ఇంకా తియ్యకపోతే వెళ్ళిపోతాడు. తలుపు ముట్టకుండా, గంటలకి గంటలు నిలబడి, కెమెరా ఎటు తిరుగుతుందో చూసేవాణ్ణి ఏమంటారు? నా సర్వీసులో ఇలాంటివాళ్ళని బోలెడుమందిని చూశాను. మొదటి రోజు చూసి వెళ్తారు. రెండో రోజు పని కానిస్తారు."

"నిజమే మేడమ్, నిజమే" అన్నాడు ఓనరుగారు. చెప్పాను కదా ఆయన జబ్బు.

"ఇంతకీ ఏం చేసి వెళ్ళాడు లోపలికి?"

"అది ఇక్కడ అడగం మేడమ్" అంది ఇస్త్రీ అక్క. "కోర్టు అడిగింది, శిక్ష వేసింది. మేము పని వచ్చా రాదా అనే అడుగుతాం. వీడియో కాస్త ఆపుతారా?"

మేడమ్ ఆపింది.

"ఆయన కాళ్ళు చూడండి."

"కాళ్ళా?"

"మీ తలుపు ముందు పసుపు గీత ఉంది కదా, వ్యాన్లు దాన్ని దాటి రాకూడదని. ఆయన బూట్ల కొసలు ఆ గీతకి ఎక్కడున్నాయో చూడండి. తాకలేదు, దాటలేదు. కొలిచినట్టు సరిగ్గా వెనక. ఇంకాస్త ముందుకి పోనివ్వండి. ఇప్పుడు చూడండి. ఇంతసేపైనా కాళ్ళు కదిలాయా?"

కదల్లేదు. మేడమ్ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"చేతులు చూడండి. జేబుల్లో పెట్టుకోలేదు, వెనక్కి కట్టుకోలేదు. రెండూ పక్కన, వేళ్ళు విప్పి, కనిపించేలా ఉన్నాయి. లోపల ప్రతి తలుపు ముందూ ఒక గీత ఉంటుంది మేడమ్. గీత వెనకాల ఇలా నిలబడాలి. తలుపు ముట్టుకుంటే తప్పు. తడితే ఇంకా పెద్ద తప్పు. తల ఎత్తి కెమెరాకి ముఖం చూపించాలి. గదిలో కూర్చున్న గార్డు తెర మీద ముఖం చూసి, ఫలానా మనిషి అనుకుని మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. నడవలోకి పోవాలన్నా, భోజనానికి పోవాలన్నా, స్నానానికి పోవాలన్నా అంతే. బాబాయి సగం జీవితం అలా గడిచింది. ఆయన మీ కెమెరాని పరీక్ష చెయ్యలేదు. నేను వచ్చాను, తియ్యండి అని ముఖం చూపించాడు."

కింద రోలర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల అలా ముఖం చూపిస్తే ఎవరో ఒకరు చూసేవారు" అంది ఇస్త్రీ అక్క. కోపం ఆవిడ గొంతులో దాగలేదు, దాచాలనీ ఆవిడ అనుకోలేదు. "మీ హోటల్లో పొద్దున్నించి చూపించినా ఎవరూ చూడలేదు. మీ తెర ముందు ఉండాల్సిన మనిషి ఎక్కడున్నాడు మేడమ్?"

మేడమ్ ముఖం ఎర్రబడింది. "విందు హడావిడి. అందరూ ముందు గేటు దగ్గరున్నారు" అని ఒప్పుకుంది. అంతలోనే తేరుకుంది, అంత తేలిగ్గా లొంగే ఘటం కాదది. "చూడమ్మా, నువ్వు చెప్పింది బాగుంది. మరీ బాగుంది. అదే నా అనుమానం. నీ మనిషిని కాపాడుకోవాలని అల్లావేమో నాకేం తెలుసు? బయటికొచ్చి నెలలైంది కదా ఆయన. ఇంకా తలుపు తీసుకోలేకపోవడం ఏంటి? ఇవాళ వచ్చే ఆఫీసరుకి నేనేం చెప్పను, పెద్దమనిషికి తలుపంటే బెరుకు అని చెప్పనా? నవ్వుతారు."

"నవ్వుతారు" అన్నాడు ఓనరుగారు.

ఇస్త్రీ అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చెప్పకపోయినా ఆవిడకి పోయేదేం లేదు. గడువు తీరిన మనిషి, ఉద్యోగం గట్టిది, వీధిలో మంచి పేరు. ముసలాయన వెనక్కి పోతాడు, అంతే. ఆ అంతే అన్న మాట దగ్గర ఆవిడ మనసు గుర్రంలా మొరాయించింది.

"మేడమ్, ఎన్నేళ్ళ నుంచి నన్ను చూస్తున్నారు మీరు?"

"నేను ఆ హోటల్లో చేరినప్పటి నుంచీ. ఎందుకూ?"

"నేను ఒట్టి చేతులతో మీ తలుపు దగ్గరికి రావడం ఎప్పుడైనా చూశారా?"

మేడమ్ కళ్ళు చిట్లించి వెనక్కి వెతుక్కుంది. "లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి నిండుగా మోసుకొస్తావు. నేనే ఎన్నిసార్లు తీశాను తలుపు. మా గార్డులు కూడా పరుగెత్తుకొచ్చి తీస్తారు, పాపం బరువుతో వచ్చిందని."

"అందుకే మోస్తాను."

చంకలో తువ్వాళ్ళ కట్టని రెండు చేతుల్లోకి తీసుకుని చూపించింది. "ఈ తువ్వాళ్ళకి ఈ గదిలో పని లేదు. కింద నుంచి మోసుకొచ్చాను, మళ్ళీ కిందికి మోసుకుపోతాను. చేతుల్లో బరువుంటే ఎవరో ఒకరు తలుపు తీస్తారు. ఏంటమ్మా తియ్యవు అని అడగరు. ఇస్త్రీ అక్క ఎంత కష్టపడుతుందో అంటారు. ఒట్టి చేతులతో తలుపు ముందు నిలబడితే నాదీ బాబాయి చెయ్యే మేడమ్. సగం దాకా వస్తుంది. అక్కడ ఆగుతుంది. ఆయనకి ఇంకా కిటుకు తెలీదు, నాకు తెలుసు. మా ఇద్దరికీ తేడా అంతే."

ఓనరుగారు గుండీ తిప్పడం ఆపేశాడు. "ఆగాగు" అన్నాడు. "మా ఇంటికి భోజనానికి పిలిచిన రోజున, గుమ్మం ముందు పూలకుండీ ఎత్తుకుని నిలబడ్డావు నువ్వు..."

"అవును సార్."

"మా ఆవిడ అది నువ్వు తెచ్చిన కానుకనుకుని ఎంత మురిసిపోయిందనుకున్నావు! తీరా నువ్వు వెళ్ళాక చూస్తే అది మా మెట్ల మీద కుండీయే!"

"ఆ పూట చేతికి ఇంకేం దొరకలేదు సార్."

ఓనరుగారు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. కళ్ళు తుడుచుకునేసరికి ఆ సగం ప్రాణం గుండీ కాస్తా ఊడి బల్ల కింద పడింది. ఇస్త్రీ అక్కకి కూడా నవ్వొచ్చింది, ఆ వెనకే గుండె తేలికైంది. ఇన్నేళ్ళు చెల్లెలికి కూడా చెప్పని సంగతి. ఎంత బరువో దించాక గానీ తెలియలేదు.

మేడమ్ నవ్వలేదు. వీడియోలో ఆగిపోయిన ఆ ముఖం వైపు, పైకెత్తిన ఆ కళ్ళ వైపు చాలాసేపు చూసింది. నిన్నటి నుంచి దొంగ అనుకుంటూ చూసిన ముఖమే. ఆవిడ నిటారు భుజాలు కాస్త కిందికి దిగాయి.

"పోలీసు కళ్ళు" అంది తనలో తను అనుకుంటున్నట్టు. "ఎక్కడైనా దొంగే కనిపిస్తాడు వీటికి." టాబ్లెట్ మూసేసింది. "సరే. ఆఫీసరుకి నేను చెబుతాను, అనుమానం లేదని. మీ కంపెనీ పని కూడా ఎక్కడికీ పోదు. కానీ ఒక్కటి. మా తలుపు బార్లా తీసి కొక్కెం పెట్టుకునేది కాదమ్మా, సెక్యూరిటీ ఒప్పుకోదు. ఆయన నేర్చుకోవాల్సిందే."

"నేర్చుకుంటాడు. నేనూ నేర్చుకుంటా. ఇద్దరం కలిసి."

"ఇంకోటి. ఇప్పుడే గుర్తొచ్చింది, వెళ్ళగానే సరిచెయ్యాలి. ఆయన ఫోటో మా గార్డులకి ఇచ్చాను నిన్న. మళ్ళీ ఆ తలుపు దగ్గర కనిపిస్తే మాటల్లేవు, పట్టుకుని పోలీసులకి అప్పజెప్పండి అన్నాను."

"ఆయన ఈ గడప దాటితే కదా" అన్నాడు ఓనరుగారు ధీమాగా.

అప్పుడే గేటు దగ్గర జీపు హారన్ మోగింది. ప్రొబేషన్ ఆఫీసరు. ఓనరుగారు చొక్కా సవరించుకుంటూ ఎదురెళ్ళాడు. ముందు బాబాయికి చల్లటి కబురు చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొద్దామని ఆడవాళ్ళిద్దరూ వెనక గదికి నడిచారు. తువ్వాళ్ళ కట్ట ఇస్త్రీ అక్క చేతుల్లోనే ఉంది. తలుపు మేడమ్ తీసింది, ఈసారి ఎందుకు తీస్తోందో తెలిసి.

గదిలో బాబాయి లేడు.

కుర్చీ ఖాళీగా ఉంది. సందులోకి తెరుచుకునే రెండో తలుపు మూసే ఉంది. అది స్ప్రింగు తలుపు, కొక్కెం తీసేస్తే చాలు, తోసినవాడు వెళ్ళగానే దానంతటదే మూసుకుంటుంది.

"పారిపోయాడు!" అంది మేడమ్. పాత ఉద్యోగం ఒక్క ఉదుటున ఆవిడ గొంతులోకి వచ్చేసింది. "ఆఫీసరు గుమ్మంలో ఉండగా పని చోటు వదిలి పారిపోయాడు! ఇక నేను చెప్పినా ఎవరూ వినరు!"

ఇస్త్రీ అక్క గది అంతా ఒకసారి కలయజూసింది. గోడవారగా ఉండాల్సిన తోపుడు బండి లేదు. నేల మీద చక్రాల తడి గుర్తులు కుర్చీ పక్కనుంచి తలుపు దాకా వెళ్ళాయి.

"పారిపోయేవాడు టేబుల్ క్లాత్‌ల బండి తోసుకుంటూ పారిపోతాడా మేడమ్?" అంది. అంటూండగానే ఆవిడకి మొత్తం అర్థమైంది. సాయంత్రం విందు. అవైనా వేళకి వెళ్ళాలి అన్న మాట. తోసినవాడిదే తలుపు అని పొద్దున్నే తనే నూరిపోసింది కదా! "తలుపు తీశాడు! బాబాయి తలుపు తీసుకుని వెళ్ళాడు! మీ హోటల్‌కే!"

మేడమ్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టింది. అవతల మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. "ఈ వెధవలు మళ్ళీ ముందు గేటు దగ్గర చేరారా ఏంటి!"

"చేరితే బాగుండు" అంది ఇస్త్రీ అక్క. తువ్వాళ్ళ కట్టని మేడమ్ చేతుల్లో కుక్కేసింది. "ఇది పట్టుకోండి."

సందు తలుపు ముందుకొచ్చింది. ఒట్టి చేతులు. అవి తనవి కావేమో అన్నంత తేలిగ్గా ఉన్నాయి. కుడి చెయ్యి లేచింది, సగం దాకా వచ్చింది, ఆగింది. వెనక మేడమ్‌కి తలుపు తియ్యాలని ఉంది, కానీ రెండు చేతులా తువ్వాళ్ళే.

ముసలాయన తీశాడు కదా అనుకుంది ఇస్త్రీ అక్క. నన్ను చూసి నేర్చుకోవాల్సిన మనిషి, నాకన్నా ముందు తీశాడు.

తోసింది.

తలుపు తెరుచుకుంది. ఇంతేనా! అని ఆశ్చర్యపోవడానికి కూడా ఆవిడ ఆగలేదు. ఎండలోకి దూకి, చెప్పులు టపటపలాడుతుండగా సందు పొడుగునా పరుగు తీసింది. ఎదురొచ్చిన సైకిలాయన గోడకి అతుక్కుపోయాడు. మలుపు తిరిగింది.

బండి అక్కడే ఉంది, పైన తెల్లటి మడతలు చెక్కుచెదరకుండా. బాబాయి బూట్లు పసుపు గీతకి అవతల ఉన్నాయి. అవతల! చెయ్యి గాల్లోకి లేచింది. సగం దాకా వచ్చింది. ఆగింది.

"కొట్టు బాబాయ్!" అని అరిచింది ఇస్త్రీ అక్క, రొప్పుతూ, ఏడుస్తూ, నవ్వుతూ.

బాబాయి తలుపు తట్టాడు. ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా. తట్టి, వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాడు. ఆ ముఖంలో అంత వెలుగు ఆవిడ ఎన్నడూ చూడలేదు.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. గుమ్మంలో ఇద్దరు గార్డులు నిలబడ్డారు. ఒకడి చేతిలో ఫోటో ఉంది. రెండోవాడు ఫోటో వైపు చూడనైనా చూడలేదు. ఇంకా గాల్లోనే ఉన్న బాబాయి చేతిని, ఆ తట్టిన చేతినే, ఒడిసి పట్టుకున్నాడు.